కొంగ రెక్కలో చిల్లు

ఫణికుమార్‌కు కుట్టుపని రాదు. సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. ఈ సంగతి ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఆ అమెరికా ఊరు మొత్తమ్మీద అతనికొక్కడికే తెలుసు. ఇంకెవరికీ తెలియకూడదనే మార్చి ఆఖరి శనివారం పొద్దున్నే, కొత్తగా కొన్న కత్తెర మీది ధర చీటీని గోటితో గీకేశాడు. పాతదానిలా కనపడాలని పిడిని గచ్చుకేసి కాస్త రుద్దాడు. దాన్ని కోటు జేబులో వేసుకుని గాలిపటాల క్లబ్బు వాళ్ళ వర్క్‌షాప్‌కు బయల్దేరాడు.

ఆ క్లబ్బులో గాలిపటాలు ఎగరేసేది పిల్లలు కాదు. తలలు నెరిసిన ఇంజనీర్లు, నర్సులు, రిటైరైన టీచర్లు. మే నెలలో లేక్ ఒడ్డున రెండు రోజులు పండగ చేసుకుంటారు. ఆ పండగకు మైదానం చుట్టూ పొడుగాటి కర్రలకు కట్టి నిలబెట్టడానికి రెండు నిలువుల ఎత్తు గుడ్డ బ్యానర్లు కావాలి. అవి బజార్లో కొంటే వాళ్ళకు నామోషీ. అందుకని చలికాలం చివర్లో ఒక శని ఆదివారాలు అందరూ ఓ హాల్లో చేరతారు. ఎవరి కుట్టు మిషన్ వాళ్ళు మోసుకొస్తారు. సొంత చేతుల్తో కుట్టుకుని, మధ్యలో శాండ్‌విచ్‌లు తిని, సాయంత్రానికి మిషన్లు మోసుకుని ఇళ్ళకు పోతారు.

ఇందులో ఫణికి ఏం పని అంటారా? ఉంది. డిసెంబరులో అతని ఎం.ఎస్. అయిపోయింది. చదువయ్యాక ఇచ్చిన వర్క్ పర్మిట్‌లో కిందటేడే ఒక మెలిక పెట్టారు. ఉద్యోగం లేకుండా మొత్తమ్మీద తొంభై రోజులకు మించి ఉండకూడదు. ఉంటే పెట్టె సర్దుకోవాల్సిందే. జనవరి మొదట్లో లెక్క మొదలైంది. ఆ శనివారం ఎనభై మూడో రోజు. పైగా అది రెండు వేల తొమ్మిదో సంవత్సరం. డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీలు ఉన్నవాళ్ళనే వారం వారం ఇంటికి పంపుతున్నాయి. అలాంటప్పుడు కొత్తగా ఉద్యోగం అడగడమంటే ఇల్లు కాలుతున్నవాడి దగ్గరికెళ్ళి వాటా అద్దెకిస్తావా అని అడగడమే.

ఆ సమయంలో పై అంతస్తులో ఉండే రాజ్ ఒక దారి చూపించాడు. రాజ్‌ది వరంగల్. నాలుగేళ్ళుగా ఆ క్లబ్బులో మెంబరు. క్లబ్బును నడిపే డేల్ అనే పెద్దమనిషి కారు విడిభాగాలు తయారుచేసే ఓ కంపెనీలో టెస్టింగ్ ల్యాబ్‌కు మేనేజర్. ఆ ల్యాబ్‌లో ఒక్క ఉద్యోగం, ఒకే ఒక్కటి, ఖాళీగా ఉంది. "జాబ్ ముచ్చట ఫస్ట్ డేనే తియ్యకు తమ్మీ. మీటింగ్‌కి రా, మనిషిని చూడనీ, నాలుగు మాటలు కలవనీ," అని హెచ్చరించి మరీ రాజ్ అతన్ని రెండు వారాల క్రితం క్లబ్బు మీటింగ్‌కు తీసుకెళ్ళాడు.

ఆ మీటింగ్‌లోనే జరిగింది జరగాల్సింది. బ్యానర్ల పనికి చేతులు తక్కువయ్యాయి, కుట్టుపని వచ్చినవాళ్ళెవరైనా ఉన్నారా అని డేల్ అడిగాడు. ఫణి చెయ్యి దానంతటదే లేచింది. తమది చీరాల అనీ, నేతపని ఇంటావంటా ఉందనీ, చిన్నప్పట్నుంచీ మిషన్ మీద కుడుతూనే పెరిగాననీ చెప్పాడు. చీరాల మాట నిజం. మిగతాదాంట్లో నిజం ఏమైనా ఉంటే వాళ్ళ వెనక వీధిలో మగ్గాల చప్పుడు వినపడేది, అంతే. వాళ్ళ నాన్న బ్యాంకులో క్లర్కు.

అతన్ని మాత్రం ఏమని తప్పుపడతాం. మూడు నెలలుగా అతనికి అదే తర్ఫీదు. కన్సల్టెన్సీ నడిపే రాజారావు ఫోన్లో రోజూ నూరిపోసేవాడు. "ఇంటర్వ్యూలో నో అనే మాట రాకూడదు ఫణీ. అడిగిందల్లా వచ్చనాలి. తర్వాత నేర్చుకోవాలి. నూరబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు. ఉద్యోగమూ అంతే," అనేవాడు. ఆయనే ఫణి రెజ్యూమేలో ఇండియాలో మూడేళ్ళు ఒక కంపెనీ ల్యాబ్‌లో పనిచేసినట్టు రాయించాడు. ఫణి అక్కడ మూడు నిమిషాలు కూడా పనిచెయ్యలేదు. మీటింగ్ అయ్యాక డేల్ తనంతట తానే రెజ్యూమే అడిగి తీసుకున్నప్పుడు సంతోషించాలో భయపడాలో తెలియక ఫణి చలిలో చెమటలు తుడుచుకున్నాడు.

వర్క్‌షాప్‌కు రాజ్ కారులో ముగ్గురు వెళ్ళారు. మూడో మనిషి రాజ్ అత్తగారు దమయంతి. తెనాలి ఆవిడ. అరవై మూడేళ్ళుంటాయి. కూతురు ఉషకు మే నెలలో పురుడు. అందుకని వచ్చింది. నలభై ఏళ్ళు తెనాలిలో వీధి వీధంతటికీ రవికెలు కుట్టిన చెయ్యి అది. ఇక్కడ నాలుగు గోడల మధ్య టీవీ చూడలేక ఆవిడకు పిచ్చెత్తిపోతోందని, కాస్త గుడ్డా దారం చేతికందితే మనిషి తేరుకుంటుందని రాజ్ ఆలోచన. ఆవిడకు ఇంగ్లీషు రాదు. ఫణి పక్కనుంటాడుగా, తర్జుమా చేసి చెబుతాడని ధైర్యం. ఇద్దర్నీ హాలు దగ్గర దింపి రాజ్ వెళ్ళిపోయాడు.

హాల్లో ఆరు బల్లలు, బల్లకు ఇద్దరు. ఆరు బ్యానర్లూ ఒకటే నమూనా. నీలం ఆకాశంలోకి లేస్తున్న పెద్ద కొంగ. దాన్ని చేసే పద్ధతి చిత్రంగా ఉంటుంది. బొమ్మను అతికించరు. మూడు రంగుల పల్చటి నైలాన్ గుడ్డలు ఒకదానిమీద ఒకటి పరుస్తారు. పైన నీలం, మధ్యలో తెలుపు, అడుగున నారింజ. జరగకుండా జిగురు చల్లి అంటిస్తారు. పైన గీసిన బొమ్మ గీతల వెంట మూడిటినీ కలిపి కుడతారు. ఆ తర్వాతే కత్తెర పని. రెక్క ఉన్నచోట నీలం ఒక్కటే కత్తిరించి తీసేస్తే కింది తెలుపు బయటపడి రెక్కవుతుంది. ముక్కు దగ్గర నీలం, తెలుపు రెండూ తీసేస్తే నారింజ ముక్కు వస్తుంది. చివర్లో బ్యానర్‌ను తిరగేసి, వెనక అక్కర్లేని గుడ్డ కత్తిరించేస్తారు. అప్పుడు ఎండ రెక్కలోంచి దూరి వస్తుంది. ఎక్కడ ఎన్ని పొరలు తీయాలన్నదే అందులో కీలకం. ఒక పొర ఎక్కువ తెగిందా, మళ్ళీ అతకదు.

పని రానివాళ్ళందర్నీ డేల్ ఒక మూలకు పిలిచి అరగంట సేపు నేర్పించాడు. ఫణి కూడా అటు అడుగు వేశాడు. డేల్ నవ్వుతూ చెయ్యి అడ్డంపెట్టి, మీ ఇద్దరికీ ఈ పాఠం దేనికి, మీరు నా మిషన్ దగ్గరికి వెళ్ళండి అన్నాడు. ఆ మూల జనం గుమిగూడి ఏదో వేళ్ళతో చేసి చూసుకుంటున్నారు. ఫణి దూరం నుంచి మెడ చాచి చూశాడు. ఏమీ కనపడలేదు.

కుట్టు దమయంతిదే. కరెంటు మిషన్ ఆవిడ ఎన్నడూ తొక్కలేదు. మొదట రెండుసార్లు పాదం కింద అది గయ్యిమని పరుగెత్తితే ఉలిక్కిపడింది. మూడోసారికి లొంగదీసుకుంది. ఇక కొంగ మెడ వంపు మీద వంకర టింకరగా వేసే జిగ్‌జాగ్ కుట్టు పూసలు గుచ్చినట్టు సాగిపోయింది. డేల్ రెండుసార్లు వచ్చి చూసి, బల్ల మీద వేళ్ళతో తట్టి, బాగుందన్నాడు. ఫణి ఆ ముక్క తెలుగులో చెబితే ఆవిడ తల ఎత్తకుండానే నవ్వింది. అమెరికా వచ్చాక ఆవిడ అలా నవ్వడం చూడలేదని రాజ్ ఉంటే అనేవాడే.

ఫణి మాత్రం గుడ్డ పట్టుకోవడం, దారం అందించడం, తర్జుమా చేయడం లాంటి చిల్లర పనులతో పదకొండున్నర దాకా లాక్కొచ్చాడు. కుట్టు అయిపోయింది. దమయంతి రెక్క ఒకవైపు నుంచి కత్తిరించడం మొదలుపెట్టింది. "రెండోవైపు నుంచి నువ్వు రా నాయనా, మధ్యలో కలుద్దాం," అంది. చిన్నప్పట్నుంచీ కుడుతున్నవాడు కాదనడానికి ఏముంది? ఆవిడ కత్తెర చూస్తూ కాసేపు బల్ల చుట్టూ తిరిగాడు. ఇంతలో ఆవిడ మంచినీళ్ళకు లేచింది. అటు డేల్ ఇటే చూస్తున్నాడు.

ఫణి గుడ్డను చిటికెతో పట్టి లేపి, కత్తెర మొన పెట్టి, కసుక్కున కోశాడు. చెయ్యెడు పొడవు తెగింది. నీలం పక్కకు తొలిగింది. దాని కింద తెలుపు కనపడాలి. నారింజ కనపడింది.

జిగురుతో అంటుకున్న రెండు పొరలూ కలిసే లేచాయి, కలిసే తెగాయి. చుట్టూ చూశాడు. డేల్ ఇంకో బల్ల వైపు తిరిగాడు. ఎవరూ చూడలేదు. గబగబా తెల్ల గుడ్డ అంచులు రెండూ దగ్గరికి జరిపి అరచేత్తో ఒత్తాడు. జిగురుకు అవి బుద్ధిగా అంటుకున్నాయి. దమయంతి వచ్చేసరికి తేలు కుట్టిన దొంగలా మిగతా నీలం గుడ్డ జాగ్రత్తగా, అంగుళం అంగుళం, వణుక్కుంటూ కత్తిరిస్తున్నాడు. "అంత మెల్లగా అయితే పొద్దుపోతుంది, ఇటివ్వు," అని ఆవిడే పూర్తిచేసింది. మధ్యాహ్నం బ్యానర్ తిరగేసి వెనక నారింజ గుడ్డ కూడా ఆవిడే కత్తిరించింది. అప్పుడైనా చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. ఎనభై మూడు అన్న అంకె అడ్డం పడింది.

నాలుగింటికి డేల్ ఒక్కో బ్యానర్‌నూ కిటికీకి అడ్డంగా పట్టి పరీక్షించడం మొదలుపెట్టాడు. వాళ్ళ బ్యానర్ ఎత్తగానే తెల్ల రెక్క నడుమ కోత నోరు తెరిచింది. అందులోంచి బయటి మంచు కనపడింది. డేల్ మొహం చిట్లించలేదు. వెనక నారింజ గుడ్డ తీసేటప్పుడు తెగి ఉంటుందనుకుని, అటువైపు కత్తిరించింది ఎవరని మామూలుగా అడిగాడు.

ఫణి తెలుగులో అడిగాడు. దమయంతి బ్యానర్ దగ్గరికెళ్ళి కోతను వేలితో తడిమింది. ఆవిడ మొహంలో రంగు తగ్గింది.

"నేనేగా వెనక కత్తిరించింది. నేనే అయ్యుంటాను బాబూ. ఈమధ్య కళ్ళు మసకేస్తున్నాయనుకుంటూనే ఉన్నాను. సారీ చెప్పు ఆయనకి."

ఫణి చెప్పాడు. ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పాడు. అనువాదంలో ఎవరూ తప్పుపట్టలేరు. పర్వాలేదమ్మా అన్నట్టు డేల్ ఆవిడకు చెయ్యి ఊపాడు. ఆవిణ్ణి కష్టపెట్టకూడదని రేపు దారం చుట్టే పని ఇస్తాననీ, కత్తెర పని ఫణి ఒక్కడూ చూసుకుంటాడనీ అన్నాడు. మంచి మనిషి మంచితనంతో చేసిన పనే. దమయంతి తలూపి, తన కత్తెరను సంచిలో అడుక్కి పెట్టేసుకుంది.

సాయంత్రం రాజ్ వచ్చి ఇద్దర్నీ కారెక్కించుకున్నాడు. వెనక సీట్లో ఫణి కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటున్నాడు. చిల్లు పడితే పడింది, ఆవిణ్ణి ఎవరూ ఒక్క మాటనలేదు కదా, పెద్దావిడ, రేపటికి మర్చిపోతుంది అని తనకు తాను చెప్పుకుంటున్నాడు. సగం దూరం వచ్చాక ఆవిడ ముందు సీట్లోంచి అల్లుడితో మెల్లగా అంది:

"రాజ్ బాబూ, బిడ్డ పుట్టాక నీళ్ళు పోయడానికి ఇక్కడెవరైనా మనిషి దొరుకుతుందేమో చూడండి. నా వల్ల కాదేమో."

రాజ్ నవ్వుతూ, ఇక్కడ కాళ్ళమీద వేసుకుని నీళ్ళు పోసేవాళ్ళు ఎక్కడ దొరుకుతారు, దానికోసమే కదా మీరొచ్చింది అన్నాడు. ఆవిడ నవ్వలేదు. చేతిలో ఉన్న గుడ్డ తెగుతుంటేనే కనపడలేదనీ, పదిరోజుల పసిగుడ్డును కాళ్ళమీద వేసుకుని మొహాన నీళ్ళు పోస్తే ఎక్కడ ముక్కులోకి పోతున్నాయో ఎలా కనపడుతుందనీ అంది. రాజ్ నవ్వు ఆగిపోయింది. కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తానన్నాడు. ఆవిడ వద్దంది. వాళ్ళేం చెబుతారో వినే ధైర్యం ఆవిడకు లేదని వెనక కూచున్న ఫణికి కూడా తెలిసింది. అతను కిటికీలోంచి బయటికి చూస్తూ కూచున్నాడు. తన మీద తనకే అసహ్యమేసింది.

ఆదివారం పొద్దున్న ఆవిడ రానంది. ఉషే బలవంతాన పంపింది. రాత్రి తల్లీ కూతుళ్ళు ఇద్దరూ ఏడ్చారని రాజ్ పార్కింగ్‌లో ఫణికి చెప్పాడు. ఎనిమిదో నెల, ఇలా ఏడిస్తే బీపీ పెరుగుతుందని అతని బెంగ అతనిది. ఏం జరిగింది నిన్న, నువ్వున్నావు కదా అని అడిగాడు. ఫణి భుజాలు తడుముకున్నంత పని చేసి, ఏదో చిన్న కోత అన్నా అన్నాడు.

హాల్లోకి వెళ్ళగానే డేల్ ఫణిని పక్కకు పిలిచాడు. కిటికీ గట్టు మీద తన సంచీ చూపించి, నీ రెజ్యూమే అందులోనే ఉందన్నాడు. రేపు పదింటికి ఆ ఉద్యోగం గురించి మీటింగ్. ఇంకో నలుగురివీ వచ్చాయట. కాగితం మీద రాసింది ఎవరైనా రాస్తారనీ, ఈ కుర్రాడు చేత్తో పని చేస్తుంటే రెండు రోజులు నా కళ్ళతో చూశానని మాత్రం చెబుతాననీ అన్నాడు. భుజం తట్టి వెళ్ళిపోయాడు. మూడు నెలలుగా ఈ మాట కోసమే ఫణి ఎదురుచూశాడు. తీరా విన్నాక అతని కళ్ళు దమయంతిని వెతికాయి.

దమయంతి మూలన కుర్చీలో కూచుని చిన్న చిన్న కండెలకు దారం చుడుతోంది. చుట్టిన ప్రతి కండెనూ కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూస్తోంది. దూరం పెట్టి చూస్తోంది. ఒక కన్ను మూసి చూస్తోంది. ఫణి రెండు బల్లల అవతల కొత్త బ్యానర్ ముందు నిలబడి, కత్తెర తీయకుండా ఆవిణ్ణే చూస్తున్నాడు. ఆవిడ ఇంకో కన్ను మూసింది.

అప్పుడతనికి ఒక ఉపాయం తట్టింది. ఆవిడకు తెలుగులో చెప్పేస్తే? ఈ హాల్లో తెలుగు తెలిసింది ఇద్దరికే. ఆవిడ మనసు కుదుటపడుతుంది. డేల్‌కు తెలియదు. ఇటు పాపం పోతుంది, అటు ఉద్యోగం నిలుస్తుంది. పామూ చావకుండా కర్రా విరగకుండా ఇంతకన్నా మంచి దారి లేదు. రాజారావు కూడా మెచ్చుకునేవాడు.

వెళ్ళి ఆవిడ పక్కన మోకాళ్ళ మీద కూచున్నాడు. "ఆంటీ, నిన్న ఆ రెక్క కోసింది మీరు కాదు. నేను," అన్నాడు.

దమయంతి కండె ఆపి అతని వైపు చూసింది. తర్వాత చెయ్యి అతని తలమీద పెట్టింది.

"రాజ్ చెప్పాడా రాత్రి మేం ఏడ్చామని? నా మనసు తేలిక చెయ్యాలని చెబుతున్నావు. మంచి పిల్లాడివి నాయనా."

ఫణికి నెత్తిన పిడుగు పడ్డట్టయింది. అబద్ధం చెప్పినప్పుడల్లా నమ్మిన లోకం నిజం చెబితే నమ్మడం లేదు. నిజంగా నేనే ఆంటీ, ఒట్టు అన్నాడు. ఒట్లు పెట్టుకోకూడదని ఆవిడ మందలించింది. మీరు మంచినీళ్ళకు వెళ్ళినప్పుడు జరిగిందన్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. కాసేపటికి, పిల్లవాడి అబద్ధాన్ని మెత్తగా విప్పి చూపించే టీచరులా అడిగింది:

"పై గుడ్డని వేళ్ళ మధ్య నలిపి, పొర విడదీశాకే కదా కత్తెర పెడతావు?"

"విడదీయాలా?"

"రవికె లైనింగు కోసేవాళ్ళెవరికైనా తెలుస్తుంది అది. నువ్వు చిన్నప్పట్నుంచీ కుడుతున్నవాడివి. నువ్వెందుకు అలా కోస్తావు? నేనంటే ముసలిదాన్ని, చూపు ఆనక కోశాను. ఇంక వదిలెయ్ బాబూ."

ఆవిడ మళ్ళీ కండె అందుకుని కంటి దగ్గరికి తెచ్చుకుంది. ఫణి అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయాడు. డేల్ కోసం ఆడిన అబద్ధం ఎక్కడినుంచో వచ్చి ఇక్కడ తలుపు మూసేసింది. చెబితే పోయేది కాదు ఇది, చూపించాలి. చూపించడమంటే ఇంత పెద్ద హాల్లో, పట్టపగలు, పన్నెండు మంది మధ్య. ఈ రోజు ఎనభై నాలుగు. ఇంకా ఆరు రోజులున్నాయి. మీటింగ్ రేపే. ఇంటికెళ్ళాక చూపిస్తే ఏం పోయింది అనుకున్నాడు. సాయంత్రం రాజ్ వాళ్ళింట్లో, ఒక పాత గుడ్డ తీసుకుని, నిదానంగా. సగం లేచాడు కూడా.

ఆవిడ కన్ను మూసి, తెరిచి, దారం కొస వెతుక్కుంటోంది. కొస కళ్ళెదుటే ఉంది. ఆవిడ పట్టుకోబోయి, నమ్మకం చాలక చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ చెయ్యి చూశాక ఫణికి సాయంత్రం దాకా ఆగడం చేతకాలేదు.

బల్ల కింద చెత్తబుట్టలోంచి జిగురుతో అంటుకుని ఉన్న మూడు పొరల ముక్క ఒకటి తీసుకున్నాడు. కుర్చీ ముందున్న బల్ల మీద పరిచాడు. చూడండాంటీ అన్నాడు. జేబులోంచి ఆ పిడి అరగదీసిన కొత్త కత్తెర తీశాడు. నిన్నటిలాగే చిటికెతో గుడ్డ పట్టి లేపాడు. నిన్నటిలాగే మొన పెట్టాడు. పక్క బల్లవాళ్ళు తలలు తిప్పారు. డేల్ చేతిలో కాఫీ కప్పుతో ఇటే నడిచి వస్తున్నాడు. ఫణికి అతని బూట్లు కనపడ్డాయి. అప్పటికీ ఆగొచ్చు. సరదాగా ఏదో చూపిస్తున్నానని నవ్వేయొచ్చు.

కోశాడు. నీలం తొలిగింది. తెలుపు దాంతోపాటే తెగి, నారింజ బయటపడింది.

దమయంతి ఆ ముక్క లాక్కుంది. వెలుతురుకేసి పట్టింది. కోత మొదట్లో గుడ్డ నలిగి పీకినట్టుంది. చివర కత్తెర పక్కకు జారి కొక్కెంలా వంగింది. ఆవిడ లేచి, గోడకు తగిలించిన నిన్నటి బ్యానర్ దగ్గరికి వెళ్ళి, ఆ రెక్కలోని కోత పక్కన ఈ ముక్కను పెట్టి చూసింది. అదే నలుగుడు, అదే కొక్కెం. ఆ సన్నపు తేడాలన్నీ ఆవిడకు మూరెడు దూరం నుంచి స్పష్టంగా కనపడుతున్నాయని ఆవిడకే తెలిసింది. గోడకు చెయ్యి ఆనించి నిలబడింది.

"రాత్రి దాన్ని ఎంత ఏడిపించానురా," అంది. "నీళ్ళు నేను పొయ్యనే అమ్మా, నీ బిడ్డని నా చేతుల్తో చంపుకుంటానేమో అన్నాను. కడుపుతో ఉన్నదానితో ఆ మాటన్నాను."

ఫణి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తుడుచుకుంటే జాలి కోసం ఏడుస్తున్నట్టుంటుందని అలాగే వదిలేశాడు.

డేల్ ఇద్దరి మధ్యకూ వచ్చి, ఆవిడ ఏమంటోందని అడిగాడు.

ఫణి దమయంతి వైపు చూశాడు. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆ కోత నాది కాదని చెప్పు. నా కళ్ళు బాగానే ఉన్నాయని చెప్పు," అంది. కోపంగా కాదు. తన వస్తువు తనకిమ్మని అడిగినట్టు అడిగింది.

ఫణి చెప్పాడు. ఆ కోత ఆవిడది కాదు, తనది. నిన్న అడిగినప్పుడు కూడా తనకు తెలుసు. ఆవిడ తప్పు ఒప్పుకుంటుంటే తెలిసే ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు. ఇంగ్లీషు మాటలు అతనికి అంత చిన్నవిగా, అంత బరువుగా ఎప్పుడూ తోచలేదు.

డేల్‌కు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. చిల్లుదేముంది, మొదటి బ్యానర్‌కు అందరూ కోస్తారు, నేను రెండుచోట్ల కోశాను, వెనక ఒక ముక్క వేసి కుడితే సరిపోతుంది అన్నాడు. కాఫీ కప్పు బల్ల మీద పెట్టి, ఫణి చేతిలోని కత్తెర తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. అంచులకు ఇంకా కొత్త నూనె ఉంది.

నువ్వెప్పుడూ కుట్టలేదు కదూ, అని అడిగాడు.

లేదన్నాడు ఫణి. ఈ ఎనభై నాలుగు రోజుల్లో అతను ఎవరికైనా లేదని చెప్పడం అదే మొదటిసారి.

డేల్ కిటికీ గట్టు మీది సంచీ వైపు ఒకసారి చూశాడు. తిరిగి ఫణి మొహంలోకి చూసి, నెమ్మదిగా, ఒక ప్రశ్న వేశాడు. హాల్లో మిషన్లు నడుస్తూనే ఉన్నాయి. ఫణి కూడా ఆ సంచీ వైపు చూశాడు.

"ఏమడుగుతున్నాడు?" అంది దమయంతి.

"నేను తెలుసుకోవాల్సింది ఇంకేమైనా ఉందా అని అడుగుతున్నాడాంటీ."

ఆవిడ సంచి అడుగునుంచి తన కత్తెర బయటికి తీస్తూ అడిగింది. "మరి ఉందా?"

"ఉంది."

"చెబితే ఏమవుతుంది?"

"ఇంటికెళ్ళిపోవాలాంటీ. ఆరు రోజుల్లో."

దమయంతి చెయ్యి ఆగింది. అతన్ని చూసింది, డేల్‌ను చూసింది. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. కుర్చీ లాగి అతని పక్కన వేసుకుని కూచుంది.

ఫణి డేల్ వైపు తిరిగాడు. రెజ్యూమేలో మూడేళ్ళని ఉందే, అని మొదలుపెట్టాడు.